స్టేషన్‌కి ఒకసారి వచ్చి వెళ్లు అన్నప్పుడు

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగుతుంది. అవతల కానిస్టేబులు. "ఏం లేదు, ఎస్సై గారు ఒకసారి రమ్మంటున్నారు. రేపు పదింటికి ఇలా వచ్చి అలా వెళ్లిపో." ఎందుకో చెప్పడు. అడిగితే "వచ్చాక తెలుస్తుందిలే" అంటాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలి కోర్టులో ప్లీడరు గుమాస్తాని. ఇరవై నాలుగేళ్లుగా వకాల్తాలు నింపడం, నకళ్లకి దరఖాస్తులు పెట్టడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం నా పని. ప్లీడర్ని కాను, కాబట్టి దీన్ని ప్లీడరు సలహా అనుకోకండి. ప్లీడరు దొరికేలోగా గడిచే ఆ రాత్రి, ఆ మర్నాడు ఏం చెయ్యాలో మాత్రం రాస్తున్నాను. ఇందులో సగం కోర్టులో నేర్చుకున్నాను. మిగతా సగం మా మేనల్లుడి విషయంలో నేనే చేసిన వెధవ పని వల్ల తెలిసింది.

ముందు ఫోన్ సంగతి. కంగారుపడి "అలాగే సార్" అని పెట్టెయ్యకండి. నాలుగు విషయాలు అడగండి: మీ పేరేంటి సార్, ఏ స్టేషను సార్, కేసు ఏమైనా కట్టారా, కడితే నంబరెంత, నన్ను పిలిచేది ముద్దాయిగానా సాక్షిగానా. గొంతు పెంచక్కర్లేదు. మా ప్లీడరు గారు నేర్పించే మాట ఒకటుంది: "తప్పకుండా వస్తాను సార్, నోటీసు ఒక్కటి ఇప్పించండి." రానని అనడం లేదు, కాగితం అడుగుతున్నారు, అంతే. ఫోన్ పెట్టగానే తేదీ, టైము, నంబరు, ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాటికి సగం మర్చిపోతారు.

కాగితం ఎందుకు అడగాలంటే, దర్యాప్తు కోసం మనిషిని పిలవడానికి చట్టంలో ముఖ్యంగా ఉన్న దారులు రెండు. 2024 జులై 1 నుంచి దర్యాప్తు, అరెస్టు ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి దాని చోట బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది కదా. మీ మీద అనుమానం ఉండి, అరెస్టు అవసరం లేదనుకుంటే సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. అందరి నోటా ఇప్పటికీ నలిగే '41ఏ నోటీసు' ఇదే. మీరు చూసిందో విన్నదో చెప్పడానికైతే సెక్షన్ 179, పాత 160. రెండింటికీ రాతే ఉండాలి. "ఇలా వచ్చి అలా వెళ్లిపో" అనేదానికి సెక్షన్ లేదు.

మూడో రకం ఒకటి మన దగ్గర బాగా నడుస్తుంది, దాన్ని పిటిషన్ ఎంక్వైరీ అంటారు. గట్టు తగాదా, అప్పు తగాదా, అన్నదమ్ముల వాటా. ఎవరో కాగితం పెడతారు, ఇద్దర్నీ పిలిచి కూర్చోబెడతారు. వెళ్లొచ్చు, తప్పులేదు. పిటిషన్‌లో ఏం రాశారో చదివి వినిపించమనండి. కానీ భూమి ఎవరిదో తేల్చే అధికారం స్టేషనుకి లేదు, అది సివిల్ కోర్టు పని. అక్కడ రాసే రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక రాత్రి ఆగండి.

ఇప్పుడు మా వాడి కథ.

మా చెల్లి కొడుక్కి ఇరవై మూడేళ్లు. ఊళ్లో సగంలో వదిలేసిన సిమెంటు రోడ్డు ఫొటో తీసి, కింద రెండు లైన్ల వెటకారం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బూతు లేదు, కులం మాట లేదు. రెండు రోజులకి పైన చెప్పిన ఫోనే వచ్చింది. వాడు నాకు చెప్పకుండానే పొద్దున్న పదింటికి వెళ్లిపోయాడు, "ఇలా వచ్చి అలా" అన్నారు కదా అని. సాయంత్రం నాలుగింటికి చెల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. "అన్నయ్యా, గుంటడు ఇంకా రాలేదు. ఫోనూ ఎత్తడం లేదు. నాకేటో భయంగా ఉందన్నయ్యా."

నేను వెళ్లేసరికి వాడు వరండాలో బల్ల మీద ఉన్నాడు. ఎదురుగా పట్టుబడ్డ మోటారు సైకిళ్లు, చక్రాల మధ్య నుంచి గడ్డి మొలిచి. వాడి ఫోన్ లోపల రైటర్ బల్ల మీద. పొద్దున్నుంచి ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అసలు ఎవరూ పలకరించనే లేదు. ఏడు గంటలు ఒకే చోట ఊరికే కూర్చోబెట్టారు. చివరికి సార్ గారు పిలిచి, "ఏదో కుర్రాడు, కేసెందుకు? ఇకమీద పెట్టనని ఒక ముక్క రాసిచ్చి తీసుకెళ్లండి" అన్నారు. వాడి చేతులు వణుకుతున్నాయి. నా రాత బాగుంటుందని కోర్టులో పేరు. తెల్లకాగితం నేనే అందుకున్నాను. "నేను చేసినది తప్పు అని ఒప్పుకుంటున్నాను, ఇకపై ఇటువంటివి చేయను" అని గుండ్రంగా రాసి, కింద వాడిచేత సంతకం పెట్టించాను. కానిస్టేబులు "మీ మావయ్య తెలివైనోడురా" అన్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను.

ఇరవై నాలుగేళ్ల గుమాస్తాని. నోటీసు ఏదని అడగలేదు. పొద్దున్న పదింటి నుంచి ఏ హోదాలో కూర్చోబెట్టారని అడగలేదు. ఫోన్ దేనికింద తీసుకున్నారో అడగలేదు. సార్, సార్ అంటూ వెనక్కి నడిచి వచ్చేశాను.

అందుకే సంతకం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. దర్యాప్తులో పోలీసుకి మీరు చెప్పిన మాట ఆయన రాసుకోవచ్చు. కానీ దాని మీద మీ సంతకం తీసుకోకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ 181లోనే ఉంది. పాత 162 అదే. చాలామంది ప్లీడర్లు కూడా క్లయింటుకి ఇది ముందుగా చెప్పరు. మీరు సంతకం పెట్టాల్సినవి వేరే ఉన్నాయి: నోటీసు అందినట్టు, అరెస్టు మెమో, మీ దగ్గర ఏదైనా స్వాధీనం చేసుకుంటే దాని జాబితా. వాటి మీద కూడా చదివాకే పెట్టండి, పక్కన తేదీతో పాటు టైము వెయ్యండి. ఖాళీ తెల్లకాగితం మీద మాత్రం ఎవరు ఎంత నవ్వుతూ అడిగినా వద్దు. "మా ప్లీడరు గారికి చూపించి పెడతాను సార్" అంటే చాలు. రాజ్యాంగం 20(3) మీ మీద మీరే సాక్ష్యం చెప్పనక్కర్లేదంటుంది. ఆ మాట స్టేషన్లో గట్టిగా అనక్కర్లేదు, మనసులో ఉంటే చాలు.

ఫోన్ సంగతి. వీలైతే స్టేషనుకి స్మార్ట్ ఫోన్ తీసుకెళ్లకండి. బటన్ ఫోన్ పట్టుకెళ్లండి. కేసు ఉండి ఫోన్ స్వాధీనం చేసుకుంటే మోడలు, ఐఎంఈఐ నంబరుతో జాబితా రాయాలి, సాక్షులు సంతకం పెట్టాలి, స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తియ్యాలని సెక్షన్ 105 కొత్తగా చెప్తోంది. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అనే దాని మీద కోర్టుల తీర్పులు రెండు రకాలుగా ఉన్నాయి. కాబట్టి అది ప్లీడరు వచ్చేదాకా ఆపండి. మా వాడి ఫోన్‌కి జాబితా లేదు, రసీదు లేదు. పదకొండు రోజులకి తిరిగిచ్చారు. వాడు మళ్లీ ఆ గ్రూపులో ఒక్క మెసేజీ పెట్టలేదు. సంక్రాంతి శుభాకాంక్షలు కూడా పెట్టలేదు.

నోటీసు నిజంగా వస్తే ఏం చెయ్యాలి? వెళ్లాలి. ఇందులో రెండో మాట లేదు. 35(3) నోటీసు అందుకుని, చెప్పిన రోజుకి హాజరైతే మిమ్మల్ని అరెస్టు చెయ్యకూడదు, చెయ్యాలంటే ఎందుకో కారణాలు రాసుకోవాలి. వెళ్లకపోతే అదే అరెస్టుకి కారణమవుతుంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో ఊరికే అరెస్టు చెయ్యకూడదని 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. సోషల్ మీడియా పోస్టుల కేసులు చాలావరకు ఆ లోపే ఉంటాయి. 2025 జులైలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేజిస్ట్రేట్లందరికీ సర్క్యులర్ కూడా పంపింది, ఇలాంటి పోస్టుల కేసుల్లో రిమాండుకి పంపేముందు పోలీసులు ఆ తీర్పు పాటించారో లేదో చూడమని. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని కూడా 2025 జనవరిలో సుప్రీం కోర్టు అంది. అలాగని వాట్సాప్‌లో వచ్చినదాన్ని పట్టించుకోకుండా ఉండకండి. అది స్క్రీన్‌షాట్ తీసుకుని, కాగితం మీద ఇవ్వమని అడగండి.

ఇంట్లో ఆడవాళ్లు, అరవై దాటిన పెద్దలు, పదిహేనేళ్ల లోపు పిల్లలు, వికలాంగులు, జబ్బు మనుషులు సాక్షులైతే స్టేషనుకి రానక్కర్లేదు, ఇంటికే వచ్చి అడగాలి. ఇది 179లోనే ఉంది. "మీ అమ్మని కూడా తీసుకురా" అన్నప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

ఇక పోలీసు బండి ఇంటికే వచ్చేస్తే. ఆ టైములో సెక్షన్లు చదివి ప్రయోజనం లేదు, పెనుగులాడితే విధులకు ఆటంకం అని ఇంకో కేసు. వెళ్లండి. కానీ వీధిలో నలుగురికి వినపడేలా మీ పేరు, తీసుకెళ్లే స్టేషను పేరు చెప్పండి. ఇంట్లో వాళ్లు ఒకరు బండి వేసుకుని వెనకే వెళ్లాలి, తీసుకెళ్లిన టైము రాసుకోవాలి. ఆ టైమే తర్వాత మీ ప్రాణం. ప్రయాణం తీసేసి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22(2). రికార్డులో మాత్రం అరెస్టు మర్నాడు సాయంత్రం బస్టాండు దగ్గర జరిగినట్టు రాస్తారు, ఇలాంటి రిమాండు రిపోర్టులు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. అప్పుడు పక్కింటాయన రాసుకున్న టైము, మీరు 112కి చేసిన కాల్ రికార్డు పనికొస్తాయి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పింది కాబట్టి ఆ రోజు ఫుటేజీ చెరపకుండా ఉంచమని వెంటనే రాసి పెట్టండి.

అరెస్టు అంటే మెమో ఉండాలి, దాని మీద ఇంటివాళ్లో ఊరి పెద్దో సాక్షిగా సంతకం పెట్టాలి. అరెస్టయిన సంగతి మీరు చెప్పిన మనిషికి తెలియజెయ్యాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీం కోర్టు పెట్టిన షరతులే ఇప్పుడు చట్టంలో ఉన్నాయి. ఎందుకు అరెస్టు చేశారో రాతలో, మీకు తెలిసిన భాషలో ఇవ్వాలని 2025 నవంబరులో తీర్పు వచ్చింది, ఏ నేరమైనా సరే. కాగితం ఇంగ్లిషులో ఉంటే "నాకు తెలుగే వచ్చు సార్" అనండి. ఆడవాళ్లని పొద్దు పోయాక, పొద్దు పొడవకముందు అరెస్టు చెయ్యకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. బెయిలబుల్ సెక్షన్ అయితే స్టేషన్ బెయిలు మీ హక్కు, దానికి ఫీజు లేదు. అడిగితే రసీదు అడగండి.

మేజిస్ట్రేటు ముందు నిలబడ్డప్పుడు ఆయనో ఆవిడో ఒక మాట అడుగుతారు: "పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?" మన కోర్టులో ఈ ప్రశ్నకి నూటికి తొంభైమంది తల అడ్డంగా ఊపేస్తారు, వెనక ఎస్కార్టు కానిస్టేబులు ఉంటాడు కదా. దెబ్బలు ఉంటే అక్కడే చొక్కా విప్పి చూపించండి. తర్వాత చెప్తే "అప్పుడెందుకు చెప్పలేదు" అనే ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

నేను రాసిన ఆ కాగితం ఏమైందో చెప్పాలి. మూడు నెలలకి ఊళ్లో పండగ ముందు మా వాడికి ఎమ్మార్వో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. సెక్షన్ 126, బైండోవర్. శాంతిభద్రతలకి భంగం కలిగించే అవకాశం ఉందట, ఏడాదిపాటు శాంతిగా ఉంటానని బాండు రాసివ్వాలట. నకలు కోసం నేనే దరఖాస్తు పెట్టాను, రోజూ పెట్టేవే కదా. కట్ట విప్పితే మూడో పేజీ: "గతంలో తన తప్పును లిఖితపూర్వకంగా అంగీకరించియున్నాడు." దాని వెనక జిరాక్సు. నా గుండ్రటి రాత. 'ళ' తోక నేను కొంచెం ఎక్కువ లాగుతాను, అది కూడా ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినలేదు.

బైండోవర్ వస్తే ఒకటి గుర్తుంచుకోండి. అది శిక్ష కాదు, నోటీసు మాత్రమే. మీ మీద వచ్చిన సమాచారం ఏమిటో అందులో రాసి ఉండాలి. మీరు కాదంటే విచారణ జరగాలి, సాక్షుల్ని పిలవాలి. ఆ విచారణ ఆరు నెలల్లో తేలకపోతే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, కేసు అక్కడితో ఆగిపోతుంది. కానీ మన దగ్గర వెళ్లిన రోజే క్యూలో నిలబెట్టి బాండు మీద సంతకాలు తీసేస్తారు, జనం కూడా "పోనీలే, అయిపోతుంది" అని పెట్టేస్తారు. ఎన్నికల ముందు అయితే ఆ క్యూ మెట్ల మీదికి వస్తుంది. మా ప్లీడరు గారు కాదని మెమో వేశారు. తర్వాత రెండు వాయిదాలకి అటువైపు నుంచి ఎవరూ రాలేదు. ఆరు నెలలు గడిచాయి. అంతే.

ఇది చదివి "ఏ పార్టీ వాడివి" అని అడిగేవాళ్లు ఉంటారు. సోంపేట బీల భూముల్లో థర్మల్ కరెంటు ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగినప్పుడు ఒక ప్రభుత్వం. రోడ్ల మీద సభలు ఆపుతూ 2023 జనవరిలో జీవో 1 వచ్చినప్పుడు ఇంకో ప్రభుత్వం, ఆ జీవోని మే నెలలో హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడు మరొకటి. స్టేషను ముందు బల్ల మాత్రం మారలేదు. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన, 2015లో సుప్రీం కోర్టు కొట్టేసిన ఐటీ చట్టం 66ఏ కింద ఆరేళ్ల తర్వాత కూడా కేసులు కడుతున్నారని అదే కోర్టు విస్తుపోయింది. లేని సెక్షన్‌తో కూడా మనిషిని నెలల తరబడి తిప్పొచ్చు. మా జిల్లాలో జనం పోలీసుని నమ్మకపోవడానికి ఎవరూ నూరిపోయక్కర్లేదు. నేను ఇరవై నాలుగేళ్లలో మంచి ఎస్సైలని కూడా చూశాను. వాళ్లలో ఒకాయన నాతో అన్నాడు, "మీరు నోటీసు అడిగితే మాకూ మంచిదేనండీ, పైనుంచి ఫోన్ చేసినోడికి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది" అని.

మీరు అడిగినా నోటీసు ఇవ్వకపోతే ఈ నాలుగు ముక్కలు చేత్తో రాసి పెట్టండి. దీన్ని అలాగే వాడుకోవచ్చు:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి, ఫలానా గ్రామ నివాసి ఫలానా అను నేను రాసుకున్న విన్నపం. ఫలానా తేదీ రాత్రి తొమ్మిది గంటలకు ఫలానా నంబరు నుంచి ఫోన్ చేసి నన్ను స్టేషనుకు రమ్మన్నారు. దర్యాప్తుకు సహకరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఏ కేసులో, ఏ హోదాలో పిలుస్తున్నారో తెలియజేస్తూ బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) గానీ 179 గానీ కింద నోటీసు ఇప్పించగలరు. అందులో చెప్పిన సమయానికి తప్పక హాజరవుతాను."

రెండు ప్రతులు తీసుకెళ్లండి, ఒకదాని మీద స్టేషను ముద్ర వేయించుకోండి. వెయ్యకపోతే అక్కడ వాదన పెట్టుకోకుండా పోస్టాఫీసుకి వెళ్లి స్పీడ్ పోస్టు చెయ్యండి, ఒకటి స్టేషనుకి, నకలు ఎస్పీ గారి ఆఫీసుకి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిపేశారు. రసీదు జిరాక్సు తీయించుకోండి, ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు ఆరు నెలల్లో ఎగిరిపోతాయి. నాలాంటోళ్లకి ఇదో పెద్ద బాధ.

ప్లీడరుకి ఇచ్చుకోలేని వాళ్లకి న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ప్లీడర్ని ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. దాన్ని ఫోన్‌లో సేవ్ చేసుకుని లాభం లేదు, ముందు లాక్కునేది ఆ ఫోనే. మా చెల్లి గుమ్మం పక్కన కేలండర్ మీద బాల్ పెన్నుతో 15100, దాని కింద మా ప్లీడరు గారి నంబరు రాసి పెట్టుకుంది. ఈ జనవరిలో కొత్త కేలండర్ తగిలించినప్పుడు పాల లెక్క కంటే ముందు ఆ రెండు నంబర్లే ఎక్కించింది.